గ్లైడర్‌కూ రిమోట్‌కూ నడుమ

రిమోట్‌తో ఎగిరే గ్లైడర్‌ను చూసినవాళ్ళు ముందుగా అడిగే మాట ఒకటే: ఇది ఎంత దూరం వెళ్తుంది? పెట్టె మీద కిలోమీటరని రాసి ఉంటుంది, కొన్నిటి మీద రెండు కిలోమీటర్లని. ఆ అంకె అబద్ధమని అనను. కానీ నర్సీపట్నం లాంటి ఊళ్ళో, ఒక పక్క చదునైన వరిమళ్ళూ చెరకు తోటలూ, మరో పక్క తూర్పు కనుమలూ ఉన్నచోట, ఆ ఒక్క అంకెను పట్టుకుని ఎగరేస్తే గ్లైడర్ దక్కదు. సంక్రాంతికి కోతలు ముగిసిన మళ్ళలో కిలోమీటరు దూరాన చెప్పినట్టు విన్న గ్లైడరే, డౌనూరు దాటి లంబసింగి ఘాట్ ఎక్కాక మూడు నాలుగు వందల మీటర్లకే మాట వినడం మానేయవచ్చు. రిమోట్ అదే, రిసీవర్ అదే, బ్యాటరీ అదే. మారింది నడుమ ఉన్నది.

ఈ సంగతి ఇక్కడివాళ్ళకు ఫోను ఎప్పుడో నేర్పింది. ఘాట్ రోడ్డులో ఒక మలుపు దగ్గర సిగ్నల్ పోయి, రెండు మలుపుల తర్వాత మళ్ళీ వస్తుంది. టవర్ దగ్గరైందా దూరమైందా అన్నదానితో దానికి పెద్దగా సంబంధం లేదు, కొండ పక్కకు తప్పుకుందా లేదా అన్నదే లెక్క. ఏజెన్సీ గూడేల్లో ఫోను మాట్లాడాలంటే గుట్ట ఎక్కడం, రేషన్ వేలిముద్రల యంత్రాన్ని సిగ్నల్ తగిలే గట్టు దాకా మోసుకుపోవడం అందరూ ఎరిగినవే. 2023 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఒకేసారి 100 సెల్ టవర్లు ప్రారంభించినప్పుడు వాటిలో అత్యధికం అల్లూరి సీతారామరాజు జిల్లాలోవే. మైదానంలో ఒక్క టవర్ చూసుకునేంత మేరకు కొండల్లో ఎన్నో టవర్లు కావాలి, ప్రతి లోయా వేరే గది కనక. గ్లైడర్ ఎగరేసేవాడి కష్టమూ అచ్చంగా ఇదే. తేడా అల్లా, అతని చేతిలో ఉన్నదే టవర్, ఎగిరేదే ఫోను.

ముందు దూరం లెక్క చూద్దాం, దానితో చాలా భయాలు తీరతాయి.

మామూలు రిమోట్ గాల్లోకి వదిలే శక్తి సుమారు 100 మిల్లీవాట్లు. 5 వాట్ల చిన్న ఎల్‌ఈడీ బల్బు తినేదాంట్లో ఇది యాభయ్యో వంతు. ఇప్పటి రిమోట్లన్నీ దాదాపుగా 2.4 గిగాహెర్ట్జ్ మీదే నడుస్తాయి, ఆ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. రిమోట్ వదిలిన శక్తి అన్ని దిక్కులకూ పరుచుకుంటూ పోతుంది. కిలోమీటరు దూరంలో ఎగిరే గ్లైడర్‌లోని చిన్న యాంటెనాకు చిక్కేది అందులో వెయ్యి కోట్ల వంతుల్లో ఒక్క వంతు. రేడియో ఇంజనీర్లు దీన్ని 100 డెసిబెల్ల నష్టం అంటారు. ప్రతి 10 డెసిబెల్లకూ శక్తి పదో వంతుకు పడిపోతుందని గుర్తుంచుకుంటే చాలు, ఈ లెక్కలన్నీ నోటితోనే వేసుకోవచ్చు.

వెయ్యి కోట్లలో ఒక వంతు అంటే ఏమీ మిగలనట్టే అనిపిస్తుంది. కానీ మంచి రిసీవర్‌కు అందులో మళ్ళీ నూరో వంతు దొరికినా పని జరిగిపోతుంది. దూరం రెట్టింపయితే శక్తి నాలుగో వంతవుతుంది, పది రెట్లయితే నూరో వంతు. అంటే ఏ అడ్డూ లేని ఆకాశంలో ఈ 100 మిల్లీవాట్లు 10 కిలోమీటర్ల దాకా అందాలి. నర్సీపట్నం మీద ఎగిరే గ్లైడర్‌కు గొలుగొండ నుంచో మాకవరపాలెం నుంచో ఆజ్ఞ పంపినట్టు.

అంత దూరం ఎవరూ ఎగరేయరు, ఎగరేయలేరు. అంతకు చాలా ముందే కన్ను చేతులెత్తేస్తుంది. రెండు మీటర్ల రెక్కలున్న గ్లైడర్‌ను తీసుకోండి, ఆ రెక్క వెడల్పు ఇరవై సెంటీమీటర్లు. ఆరోగ్యమైన కన్ను విడదీసి చూడగలిగిన అతి చిన్న కోణం డిగ్రీలో అరవయ్యో వంతు. కిలోమీటరు దూరాన రెక్కల పొడవు దానికి ఏడు రెట్లు ఉంటుంది కాబట్టి సన్నని గీతలా కనిపిస్తుంది. వెడల్పు మాత్రం ఆ హద్దు కన్నా తక్కువ, తోక ఇంకా తక్కువ. ఆకాశంలో ఏదో ఉందని తెలుస్తుంది, అది మనవైపు వస్తోందో అటు పోతోందో తెలియదు. కుడికి వంచాలో ఎడమకు వంచాలో తెలియనప్పుడు సిగ్నల్ ఎంత గట్టిగా ఉన్నా ఏం లాభం? "సిగ్నల్ పోయింది" అని చెప్పుకునే ప్రమాదాల్లో కొన్ని నిజానికి చూపు పోయినవే.

చట్టమూ ఈ హద్దునే పట్టుకుంది. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమావళి, సరదాకో చదువుకో పరిశోధనకో ఎగరేసే 25 కిలోల లోపు మోడల్ విమానాన్ని కంటికి కనిపించే మేరలోనే ఎగరేయాలంటుంది. ఎక్కడ ఎగరేయవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై పటంలో ఆకుపచ్చ రంగు ఉన్నచోట ముందస్తు అనుమతి లేకుండా ఎగరగలిగిన ఎత్తు 400 అడుగులు, అంటే 120 మీటర్లు. ఎగరేసే ముందు ఆ పటం చూడటం తప్పనిసరి.

దూరం శత్రువు కాదని తేలింది కదా, ఇక కొండ దగ్గరికి వద్దాం.

వేసవి మధ్యాహ్నాల్లో కోస్తా వైపు నుంచి వచ్చే పైరగాలి ఈ కొండల వాలుకు తగిలి పైకి లేస్తుంది. ఎండకు కాగిన ఎర్రనేల మీద గాలి వేడెక్కి పైకి లేస్తుంది. గద్దలు రెక్క ఆడించకుండా గంటల తరబడి తిరిగేది ఈ రెండింటి బలంతోనే, గ్లైడర్‌కు కావలసినదీ ఇదే. అందుకే గ్లైడర్ మోజున్నవాడు కొండ అంచు వెతుక్కుంటాడు. గాలి బాగుండే చోటే రేడియోకు గడ్డు చోటు కావడం ఇక్కడి చిక్కు.

మీకూ గ్లైడర్‌కూ మధ్య దూరం 400 మీటర్లు అనుకోండి. అడ్డు లేకపోతే రిసీవర్‌కు కనీసంగా కావలసిన దానికి మించి 28 డెసిబెల్ల మిగులు ఉంటుంది, అంటే అవసరానికి ఆరు వందల రెట్లు. ఇప్పుడు సరిగ్గా నడుమ ఒక గుట్ట వచ్చింది. దాని కొస మీ చూపు గీతకు పది మీటర్లు మాత్రమే పైకి లేచింది. రేడియో తరంగం ఆ కొస మీదుగా కొంచెం వంగి అటు దిగుతుంది గానీ, ఆ వంపుకు చెల్లించే సుంకం దాదాపు 25 డెసిబెల్లు. ఆరు వందల రెట్ల మిగులు కాస్తా రెండు రెట్లకు వచ్చి కూర్చుంటుంది. అదైనా గుట్ట కొస కత్తి అంచులా ఉంటేనే. మన కొండలు గుండ్రంగా ఉంటాయి, వాటి మీద చెట్లుంటాయి, అప్పుడు నష్టం ఇంకా పెరుగుతుంది. పెట్టె మీద కిలోమీటరని రాసి ఉన్నా నాలుగు వందల మీటర్లలో గ్లైడర్ పోయేది ఇలాగే.

ఇవే కొండల వెనక ఊళ్ళలో ఒకప్పుడు షార్ట్‌వేవ్ రేడియోలో సిలోన్ కేంద్రం తెలుగు పాటలు వినిపించేవి. సముద్రం దాటి వచ్చిన పాటకు అడ్డురాని కొండ, పక్క వాలులో ఉన్న గ్లైడర్‌కు ఎందుకు అడ్డొస్తుంది? షార్ట్‌వేవ్ తరంగాలు పైకి పోయి, భూమికి వంద కిలోమీటర్ల పైన ఉన్న ఐనోస్ఫియర్ అనే పొరకు తగిలి తిరిగి కిందికి వస్తాయి. కొండను దాటాల్సిన పనే లేదు, ఆకాశం నుంచే దిగుతాయి. ఆ పొర తీరుతెన్నుల మీద మన వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య బి. రామచంద్రరావు గారూ ఆయన శిష్యులూ దశాబ్దాల పాటు పరిశోధన చేశారు. విశాఖతీరం రేడియో విజ్ఞానానికి ఇచ్చిన ఆ కానుకను మనం తగినంతగా తలచుకోవడం లేదని నా బాధ. 2.4 గిగాహెర్ట్జ్‌కు ఆ పొర అద్దంలా పనిచేయదు, తరంగం పొరను చీల్చుకుని అంతరిక్షంలోకి పోతుంది. కాబట్టి గ్లైడర్‌కు మిగిలింది తిన్నని దారి ఒక్కటే.

ఆ దారి కూడా దారమంత సన్ననిది కాదు. రేడియో తరంగం సాఫీగా పోవాలంటే చూపు గీత చుట్టూ కొంత ఖాళీ జాగా కావాలి. రెండు కొసల్లో సన్నగా, నడుమ లావుగా ఉండే ఈ జాగాను ఫ్రెనెల్ మండలం అంటారు. 400 మీటర్ల దూరానికి నడుమ దాని వ్యాసార్ధం మూడున్నర మీటర్లు. మీరు నేల మీద నిలబడి, గ్లైడర్ నేలకు ఒకటిన్నర మీటర్ల ఎత్తులో దిగుతోందంటే, ఆ మండలంలో చాలా భాగం భూమిలోనే కూరుకుపోయినట్టు. నేలను తాకి వచ్చే తరంగం తిన్నగా వచ్చే తరంగాన్ని చెరిపేయడం మొదలవుతుంది. ఆకాశంలో దూరం రెట్టింపయితే నాలుగో వంతయ్యే శక్తి, నేలను ఆనుకుని పోతే పదహారో వంతవుతుంది. దూరాన ల్యాండింగ్ చేసే గ్లైడర్ చివరి క్షణాల్లో మాట వినకపోవడానికి ఇదొక కారణం. మధ్యలో చెరకు తోటో జీడితోటో ఉంటే, అదీ వాన వెలిసి ఆకులు తడిగా ఉన్న వేళ అయితే, ఇంకా కష్టం. నీరు ఈ తరంగాలను బాగా తాగేస్తుంది. మైక్రోవేవ్ పొయ్యి కూడా ఇదే పౌనఃపున్యం మీద పనిచేస్తుంది కాబట్టి ఇది నీటికి ప్రత్యేకమైన అంకె అని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. అటూ ఇటూ చాలా పౌనఃపున్యాలను నీరు పీల్చుకుంటుంది. మన ఒంట్లోనూ ఎక్కువ భాగం నీరే కనక, గ్లైడర్‌కు వీపు తిప్పి నిలబడితే మనమే అడ్డుగోడ.

ఇక రిసీవర్‌ను చేతిలోకి తీసుకుని చూద్దాం. అగ్గిపెట్టెలో సగం కూడా ఉండదు. దాని నుంచి సన్నని తీగలు రెండు బయటికి వస్తాయి. తీగంతా యాంటెనా అనుకుంటారు చాలామంది. కాదు. దగ్గరగా చూస్తే చివర పైపొర ఒలిచేసి, లోపలి తీగ మాత్రమే మిగిల్చిన చిన్న కొస కనిపిస్తుంది. పొడవు 31 మిల్లీమీటర్లు, తరంగం పొడవులో సరిగ్గా నాలుగో వంతు. ఆ కొసే యాంటెనా, మిగతాది వట్టి దారి. తీగ పొడవుగా ఉందని ఆ కొసను కత్తిరిస్తే, మడిచి బ్యాటరీ కింద దూర్చితే, రెక్కనూ తోకనూ కదిపే చిన్న మోటార్ల, అంటే సర్వోల, తీగలతో కలిపి టేపు చుట్టేస్తే, గ్లైడర్‌కు చెవి తీసేసినట్టే.

ఆ కొస అన్ని దిక్కులకూ సమానంగా వినదు. గారె చిల్లులో పుల్ల నిలబెట్టినట్టు ఊహించుకోండి. పుల్ల యాంటెనా, దాని చుట్టూ ఉన్న గారె దాని వినికిడి. పక్కలకు పుష్కలంగా ఉంటుంది, పుల్ల కొస చూపే దిక్కున ఏమీ ఉండదు. రిమోట్ యాంటెనాదీ ఇదే తీరు. కొత్తవాళ్ళు రిమోట్ యాంటెనాను బాణంలా గ్లైడర్ వైపు గురిపెడతారు, గురి కుదిరితే సిగ్నల్ బాగా వెళ్తుందనే నమ్మకంతో. నిజానికి ఉన్న దిక్కులన్నిటిలోకీ పనికిరానిది అదే. యాంటెనా పక్క గ్లైడర్‌కు కనిపించాలి. రిసీవర్‌లో రెండు కొసలు పెట్టి, ఒకదానికొకటి లంబంగా అమర్చమనడం కూడా ఇందుకే. గ్లైడర్ ఉష్ణ గాలిలో ఒరిగి చుట్లు తిరుగుతున్నప్పుడు ఒక కొస రిమోట్‌కు ముక్కు చూపించినా, రెండోది పక్క చూపిస్తుంది. రెండింటిలో బాగా విన్న దాని మాటను రిసీవర్ తీసుకుంటుంది.

థర్మాకోల్, ఫోమ్, బాల్సా కర్ర, ఇవన్నీ రేడియోకు గాజు లాంటివి, ఉన్నట్టే తెలియదు. కార్బన్ ఫైబర్ అలా కాదు. అది కరెంటును మోస్తుంది కాబట్టి తరంగాన్ని లోపలికి రానీయదు. పోటీ గ్లైడర్ల ఒళ్ళు కార్బన్‌తో చేసినా, రిసీవర్ ఉండే ముక్కు భాగాన్ని గాజు నారతోనో కెవ్లార్‌తోనో చేసేది ఇందుకే. ఖరీదైన కార్బన్ గ్లైడర్ కొని రిసీవర్‌ను లోపల సర్దేసి మూత వేసుకున్నవాడికన్నా, థర్మాకోల్ షీటు కోసి ఇంట్లో చేసుకున్న కుర్రాడి గ్లైడర్‌కు సిగ్నల్ బాగా అందుతుంది. అంత కార్బన్ ఉంటే యాంటెనా కొసలను చిన్న రంధ్రాల గుండా బయటికి తీయడం ఒక్కటే మార్గం.

అన్నీ సరిగ్గా ఉన్నా గ్లైడర్ ఒక్కసారిగా మొద్దుబారిందంటే బ్యాటరీని అనుమానించాలి. నాలుగు సర్వోలు ఒకేసారి గట్టిగా లాగితే పాత బ్యాటరీలో ఓల్టేజి క్షణం పాటు కుంగుతుంది, ఆ క్షణంలో రిసీవర్ ఆగి మళ్ళీ మొదలవుతుంది. నేల మీదున్న మనిషికి అది సిగ్నల్ పోయినట్టే అనిపిస్తుంది. శకలాలు ఏరుకొచ్చాక అందరూ రిమోట్‌ను తిడతారు, బ్యాటరీని ఎవరూ కొలవరు.

ఇప్పుడున్న సుఖం ఎప్పుడూ ఉన్నది కాదు. నికోలా టెస్లా 1898లో న్యూయార్కులో రేడియోతో చిన్న పడవను నడిపి చూపించాడు. అమెరికాలోని కలమజూకు చెందిన గుడ్ సోదరులు వాల్టర్, విలియం 1937లో 'గఫ్' అనే మోడల్ విమానాన్ని రేడియోతో ఎగరేశారు. ఆ తర్వాత చాలా దశాబ్దాలు మోడల్ విమానాలు 27, 35, 72 మెగాహెర్ట్జ్ లాంటి పౌనఃపున్యాల మీద నడిచాయి. మీటరు పొడవు తీగ తోక దాకా వేలాడేది. ఒక్కొక్కరికి పౌనఃపున్యాన్ని నిర్ణయించే ఒక్కో క్రిస్టల్, ఒక్కో ఛానెల్. మరొకరు అదే ఛానెల్ మీద స్విచ్ వేస్తే మీ విమానం కూలేది, ఆయన పది అడుగుల దూరంలో ఉన్నా, కనిపించనంత దూరంలో ఉన్నా. 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్లు 2005 ప్రాంతంలో వచ్చాక ఆ బెడద తీరింది. రిమోట్, రిసీవర్ ముందుగా ఒకదాని గుర్తు ఒకటి నేర్చుకుంటాయి, దాన్నే బైండ్ చేయడం అంటాం. ఆ తర్వాత రెండూ కలిసి, వాటికి మాత్రమే తెలిసిన వరుసలో, సెకనుకు ఎన్నోసార్లు ఛానెల్ మారుస్తూ మాట్లాడుకుంటాయి. పక్కింటి వైఫై ఒక ఛానెల్‌ను ఆక్రమించినా తర్వాతి గెంతులో మాట అందుతుంది. అయినా ఊరి నడుమ కన్నా ఊరి బయటే మేలు. వైఫైలన్నీ కలిసి చేసే రొదలో బలహీనమైన సిగ్నల్ మునిగిపోతుంది.

మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోగల మరో పట్టీ 865 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంది. అదే శక్తితో అది 2.4 గిగాహెర్ట్జ్ కన్నా దాదాపు మూడు రెట్ల దూరం పోతుంది. గాలి దాన్ని తక్కువ పీల్చుకుంటుందని కాదు, ఈ దూరాల్లో గాలి రెండింటినీ పీల్చుకోదు. తరంగం పెద్దది, యాంటెనా పెద్దది, పెద్ద యాంటెనా ఎక్కువ శక్తిని ఒడిసిపడుతుంది. గుట్ట కొస మీదుగా వంగేటప్పుడు నష్టమూ కొంత తక్కువ. కొండ అంచున ఎగరేసేవాళ్ళకు ఇది మంచి ఎంపికని నా అభిప్రాయం. విదేశాల నుంచి తెప్పించే సెట్లలో 915 మెగాహెర్ట్జ్‌వి ఉంటాయి. అది మన దగ్గర సెల్‌ఫోన్ కంపెనీల జాగా, వాడకూడదు.

దూరానికి దూరమే కావాలనుకునేవాళ్ళ దారి వేరు. 2003 ఆగస్టులో మేనార్డ్ హిల్ బృందం పంపిన ఇంజన్ మోడల్ విమానం న్యూఫౌండ్‌ల్యాండ్ నుంచి ఐర్లండ్‌కు 3,000 కిలోమీటర్లు పైగా ఎగిరింది, కానీ చేతి రేడియోతో నడిపింది బయల్దేరేటప్పుడూ దిగేటప్పుడూ మాత్రమే. 2021 సెప్టెంబరులో వికారాబాద్‌లో మొదలైన మందులు మోసే డ్రోన్లూ కనుచూపు దాటి తమంతట తాము దారి చూసుకున్నవే. గ్లైడర్ ఆనందం అది కాదు, గాలిని చేతివేళ్ళతో తడమడం. దానికి తెగని లంకె కావాలి.

ఆ లంకెను ఎగరేసే ముందే పరీక్షించే వీలు చాలా రిమోట్లలో ఉంది. రేంజ్ చెక్ అనే ఈ పద్ధతిలో రిమోట్ తన శక్తిని బాగా తగ్గించుకుంటుంది. గ్లైడర్‌ను ఒకరు భుజం ఎత్తులో పట్టుకుని నెమ్మదిగా గుండ్రంగా తిప్పుతుంటే, మీరు ముప్పై అంగలు దూరం జరిగి స్టిక్ కదుపుతారు. ఏ కోణంలోనూ సర్వోలు తడబడకూడదు. తడబడిన కోణం దొరికిందంటే యాంటెనా కొస అటు ముక్కు చూపుతోందనో, బ్యాటరీ అడ్డొచ్చిందనో అర్థం. రెండు నిమిషాల పని, చేయకుండా ఎగరేసేవాళ్ళే ఎక్కువ.

సిగ్నల్ పోతే ఏం చేయాలో రిసీవర్‌కు ముందే చెప్పి ఉంచేది ఫెయిల్‌సేఫ్. చాలామంది దీన్ని పెట్టరు, పెట్టినా స్టిక్‌లన్నీ నడుమ ఉంచుతారు. అప్పుడు గ్లైడర్ తిన్నగా ఎగురుతూ, ఉష్ణ గాలి దొరికితే ఇంకా పైకి పోతూ, గాలివాటున అడవిలోకి వెళ్ళిపోతుంది. చుక్కాని కొద్దిగా ఒక పక్కకు తిప్పి, బ్రేకులు సగం తెరిచి, మోటారు ఉంటే ఆపేసేలా పెట్టాలి. అప్పుడది పోయిన చోటే చిన్న చుట్లు తిరుగుతూ దిగుతుంది, వెతకడానికి ఒక చోటంటూ మిగులుతుంది.

ఇప్పటి రిసీవర్లు తిరిగి మాట్లాడతాయి కూడా. బ్యాటరీ ఓల్టేజి, ఎత్తు, సిగ్నల్ బలం రిమోట్ తెరకు పంపుతాయి. చాలా సెట్లలో గ్లైడర్ నుంచి వచ్చే ఈ మాట, రిమోట్ నుంచి వెళ్ళే మాట కన్నా తక్కువ శక్తితో వస్తుంది. అందుకే వాటిలో ముందు తెగేది ఇదే. రిమోట్ "టెలిమెట్రీ పోయింది" అని మొత్తుకున్నప్పుడు గ్లైడర్ ఇంకా మీ మాట వింటూనే ఉండే అవకాశం ఎక్కువ. ఆ కొద్ది సెకన్లలో గ్లైడర్ వైపు ముఖం తిప్పండి, రిమోట్‌ను తల కన్నా పైకెత్తండి, యాంటెనా పక్కను అటు చూపండి, గ్లైడర్‌ను కొండ అంచుకు ఇవతలికి మళ్ళించండి. రెక్క ఒరిగి దిశ మారుతూనే లోపలి యాంటెనా కోణమూ మారుతుంది, చాలాసార్లు ఆ ఒక్క మలుపుతోనే అంకెలు మళ్ళీ తెర మీదికి వస్తాయి.